పన్నెండు పురుల బ్రష్షు

ఫ్రైబర్గ్,
1956 ఫిబ్రవరి 3

ప్రియమైన అన్నయ్యకు,

అమ్మకు దగ్గు తగ్గిందని రాశావు, సంతోషం. కుశలప్రశ్నలు ఇంతటితో ఆపుతాను. నాకు ఒళ్లు మండిపోతోంది, ఆ మంట చల్లారకముందే ఈ ఉత్తరం పూర్తి చేయాలి.

నిన్న పొద్దున మా పిల్లల ఆసుపత్రిలో ఆరువారాల పసివాడు పాలు తాగుతూ తాగుతూ ఊపిరాడక నీలంగా మారిపోయాడు. డాక్టరు పటకారుతో వాడి గొంతులోంచి తెల్లటి నైలాన్ పోగు ఒకటి తీశాడు. గోరంత పొడవుంది. పిల్లవాడికి గండం గడిచింది, సాయంత్రానికి మళ్లీ పాలకోసం గుక్కపట్టి ఏడ్చాడు కూడా. పెద్ద సిస్టర్ ఓడీలియా ఆ పోగును నల్లకాగితం మీద పెట్టి తెచ్చి నా బల్ల మీద ఉంచింది. వెంటనే వెళ్లిపోయింది. ఆవిడ తిట్టినా నాకు ఇంత భయం వేసేది కాదు.

ఈ పాలగదికి పెద్దను నేను. రోజుకు మూడువందల సీసాలు ఇక్కడ కడిగి, మరిగించి, పాలు నింపి పైకి పంపుతాం. వాటిని కడిగే బ్రష్షు మీ బ్రష్షుల ఫ్యాక్టరీలో నువ్వు గీసి, నువ్వు చేయించినది. మా అన్నయ్య చేశాడని గొప్పగా చెప్పి, పంది వెంట్రుకల పాత బ్రష్షులన్నీ పారేయించి, నీవి రెండు డజన్లు తెప్పించింది నేనే.

సీసాలు కడిగేది లియోనీ అనే ఆవిడ. పదకొండేళ్లుగా అదే తొట్టి దగ్గర నిలబడి కడుగుతోంది. అడిగితే తప్పు బ్రష్షుదే అంటోంది. కొత్త బ్రష్షు పోగులు రాలుస్తోందట, తడి సీసాలో తెల్లపోగు గాజుకు అతుక్కుని కంటికి కనపడదట. పని సరిగ్గా చేయనివాళ్లు పనిముట్టును తిట్టడం నాకు కొత్త కాదు. అయినా నిన్ను ఒకసారి అడగడం న్యాయం కనక అడుగుతున్నాను. నీ బ్రష్షు పోగులు రాలుస్తుందా, రాల్చదా? నీళ్లు నమలకుండా చెప్పు. వచ్చే శుక్రవారంలోగా నేను సిస్టర్‌కు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి.

నీ చెల్లెలు
వాల్బుర్గా


ఎర్లెన్‌బాఖ్,
ఫిబ్రవరి 6

చెల్లెమ్మా,

నీ ఉత్తరం అందగానే తింటున్న బంగాళాదుంపలు పక్కన పెట్టేసి జవాబు రాస్తున్నాను. నాలుగేళ్లు ఆ బ్రష్షు కోసం నా కళ్లు పోగొట్టుకున్నాను. ఇప్పుడు సీసాలు కడిగే మనిషెవరో ఒక మాట అంటే, నా సొంత చెల్లెలు అది పట్టుకుని నన్ను నిలదీస్తోంది.

సరే, విను. రెండు తీగల మధ్య పోగులు పరిచి, తీగలను మెలితిప్పి పురి పెడతాం. పన్నెండు పురులు. ఈ లోయలో తాతల కాలం నుంచీ సీసా బ్రష్షుకు పన్నెండు పురులే. కొనలో తీగ గాజును గీయకుండా వెనక్కి మడిచి, మడతను కుచ్చుతో కప్పాను. సీసా మెడలో దూరేటప్పుడు పోగులు వంగాలి, లోపలికి వెళ్లాక విచ్చుకోవాలి, అడుగు అంచుల్లో ఎండిన పాలను గీకాలి. దానికి సరిపడే నైలాన్ మందం తేల్చడానికే ఒక ఏడాది పట్టింది.

రాలుతుందా అని అడిగావు. అమ్మకూ, చుట్టుపక్కల పదకొండు ఇళ్ల ఆడవాళ్లకూ తలా మూడు బ్రష్షులు ఇచ్చి ఆరునెలలు వాడించాను. చెర్రీసారా సీసాలు, అడవిపండ్ల రసం సీసాలు, పాలసీసాలు, అన్నీ కడిగారు. వేడినీళ్లలో ఉడకబెట్టారు కూడా. ఒక్క పోగు రాలలేదు. పన్నెండు ఇళ్లలో ఒక్కటంటే ఒక్కటి. నీ లియోనీ వాటిని రాత్రంతా సోడానీళ్లలో వదిలేస్తోందేమో, లేకపోతే సీసా మీద కోపమంతా బ్రష్షు మీద తీర్చుకుంటోందేమో, కనుక్కో.

నిస్సంకోచంగా రాయి, నా పేరు మీద రాయి. ఇంకో మాట. వసంతంలో వచ్చే కొత్త కేటలాగులో దీనికి నా పేరే పెడుతున్నారు, 'ఫ్రిడోలిన్ సీసా బ్రష్షు' అని. ఈ ఫ్యాక్టరీలో పనివాడి పేరు ఒక వస్తువుకు పెట్టడం ఇదే మొదటిసారి. ఆ సంతోషకబురు నీకు వేరేగా రాద్దామనుకున్నాను. ఇలా రాయాల్సి వచ్చింది.

అన్నయ్య
ఫ్రిడోలిన్


ఫ్రైబర్గ్,
ఫిబ్రవరి 12

ప్రియమైన అన్నయ్యకు,

రాశాను. బ్రష్షులో లోపం లేదని, తయారుచేసిన మనిషే హామీ ఇచ్చాడని, తప్పు కడిగే పద్ధతిలోనే ఉందని రాసి సంతకం పెట్టాను. శుక్రవారం మధ్యాహ్నం లియోనీని పని నుంచి తీసేశారు. ఆవిడకిచ్చే పని పత్రం కూడా నేనే రాయాల్సి వచ్చింది. 'సమయానికి వస్తుంది, నిజాయితీ గలది, పనిలో జాగ్రత్త చాలదు' అని రాశాను. ఆ చివరి ముక్క ఉన్న కాగితంతో ఏ ఆసుపత్రీ, ఏ వంటశాలా ఆవిడను తీసుకోవని నాకు తెలుసు. తెలిసే రాశాను.

ఆవిడ ఏడవలేదు. ఏప్రన్ విప్పి నాలుగు మడతలు పెట్టింది. "మీరు ఆ బ్రష్షుతో ఒక్క సీసా అయినా కడిగి చూశారా?" అని అడిగింది, నలుగురి ముందూ. నాకు తల కొట్టేసినట్టయింది. పాలగదికి పెద్దను, నా పని లెక్క చూడటం, పాలు కొలవడం. ప్రతి తొట్టిలోనూ నేను చేతులు పెట్టాలా? ఆ మాటే అన్నాను. ఇంటికి వచ్చాక కూడా కోపం తగ్గలేదు.

ఇక్కడ చలి ఎముకలు కొరికేస్తోంది. గొట్టాలు గడ్డకట్టి రెండుసార్లు పగిలాయి. వీధిలో కార్నివాల్ ముసుగులు వేసుకున్నవాళ్లు కూడా పరుగెత్తుకుంటూ ఇళ్లలో దూరుతున్నారు.

కేటలాగు విషయం విని గర్వపడ్డాను. అది చెప్పకుండా ఉండలేను.

వాల్బుర్గా


ఫ్రైబర్గ్,
మార్చి 9

అన్నయ్యా,

లియోనీ వెళ్లి నాలుగు వారాలైంది. నిన్న ఇంకో సీసాలో పోగు దొరికింది.

ఈసారి పిల్లల దాకా పోలేదు. పాలు నింపే పిల్ల ఒకతె సీసాను దీపానికి ఎదురుగా పట్టుకుని చూసింది కాబట్టి కనపడింది. అలా చూడమని వాళ్లకు చెప్పిందెవరో తెలుసా? లియోనీ. వెళ్లిపోయే రోజు చెప్పి పోయిందట.

ఈ రోజు మధ్యాహ్నం తలుపు వేసుకుని నేనే తొట్టి దగ్గర నిలబడ్డాను. కొత్త బ్రష్షు ఒకటి విప్పి, సోడా లేకుండా, గట్టిగా రుద్దకుండా, నలభై సీసాలు కడిగాను. మూడు పోగులు రాలాయి. రెండు గాజుకు అతుక్కున్నాయి, వేలు పెట్టి తడిమితే తప్ప తెలియలేదు. మూడోది నా మణికట్టుకు అంటుకుంది.

ఆ మూడూ ఈ ఉత్తరంలో మడిచి పెట్టాను. పన్నెండు ఇళ్లలో ఒక్కటీ రాలలేదన్నావు. ఇవి ఎక్కడివి? వెంటనే జవాబు రాయి. మిగిలిన బ్రష్షులన్నీ తాళం వేసి పెట్టించాను, బజారు నుంచి పాతరకంవి తెప్పించి సీసాలు మళ్లీ వాటితో కడిగిస్తున్నాను. సిస్టర్‌కు ఇంకా ఏమీ చెప్పలేదు, నీ జవాబు కోసమే ఆగాను.

వాల్బుర్గా


ఎర్లెన్‌బాఖ్,
మార్చి 20

ప్రియమైన చెల్లెమ్మా,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. కేటలాగు అచ్చుకు వెళ్లే రోజులు, ఊపిరి సలపడం లేదు. నువ్వు పంపినవి చూశాను. మీ ఊరి నీళ్లలో సున్నం ఎక్కువ, దానివల్ల కావచ్చు. నైలాన్ కొత్త సరుకు, ఒక్కో డబ్బా ఒక్కోలా వస్తుంది. పరిశీలిస్తున్నాను. తొందరపడి ఎవరితోనూ ఏమీ అనకు, ఈస్టర్ అయ్యాక అన్నీ వివరంగా రాస్తాను.

కొండమీద మంచు కరుగుతోంది. అమ్మ బాగానే ఉంది. నువ్వు పండక్కి వస్తే నీకిష్టమైన చెర్రీ కేకు చేస్తానంటోంది.

ఫ్రిడోలిన్


ఫ్రైబర్గ్,
మార్చి 27

ఫ్రిడోలిన్‌కు,

నీళ్లలో సున్నమట. ఇదే నీళ్లతో పదకొండేళ్లు లియోనీ పాత బ్రష్షులతో కడిగింది, ఏ పసివాడి గొంతులోనూ ఏమీ పడలేదు.

నిన్న అమ్మ ఉత్తరం వచ్చింది. కేకు గురించి, మేక ఈనడం గురించి రాసి, మధ్యలో నీ సంగతి రాసింది. నువ్వు ఫిబ్రవరి నెలలోనే పదకొండు ఇళ్లూ తిరిగి బ్రష్షులు వెనక్కి తెచ్చావట. భోజనాల బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కోదాన్నీ పట్టుకుని ఏదో లెక్కపెట్టావట. ఆ రోజు నుంచి సరిగ్గా తినడం లేదట, పలకరిస్తే కసురుతున్నావట. నీకేం జబ్బు చేసిందో నన్ను కనుక్కోమని రాసింది పాపం.

ఫిబ్రవరిలో లెక్కపెట్టావు. మార్చి ఇరవైన నాకు సున్నం కథ రాశావు. ఈ మధ్యకాలంలో ఒక మనిషి నోటి దగ్గర కూడు పోయింది. నీకు ఏం తెలుసు? ఎప్పటి నుంచి తెలుసు? పండక్కి నేను రావడం లేదు.

వాల్బుర్గా


ఎర్లెన్‌బాఖ్,
ఏప్రిల్ 4

వాల్బుర్గాకు,

అంతా చెబుతాను. చదివాక నువ్వు ఏమన్నా పడతాను.

నువ్వు సంతకం పెట్టానని రాసిన ఉత్తరం చూసి, నీకు ఇంకా గట్టి ఆధారం పంపుదామని, ఆరునెలలు వాడిన బ్రష్షులు పోగుచేయడానికి బయలుదేరాను. మొదట మనింట్లోనే అడిగాను. అమ్మ తెచ్చిచ్చింది వంకరబ్రష్షు. మిగతా రెండూ వంకరవే. నేనిచ్చినవి ఇవి కావే అన్నాను. అప్పుడు అమ్మ ఏమందో తెలుసా? "కొత్త బ్రష్షు పెట్టి సారా సీసాలు కడుగుతామా, మాకేమన్నా మతి పోయిందా? అవి కాగితం విప్పకుండా బీరువాలో దాచాను. బుట్టలోవి వాడాం. అవీ నీ బ్రష్షులేగా."

బుట్ట అంటే నీకు చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర వంకర వచ్చినవన్నీ బుట్టలో పడేస్తారు, సాయంత్రం వాటిని ఎవరింటికి వాళ్లు పట్టుకుపోతారు. మనం పుట్టి బుద్ధెరిగాక మనింట్లో మంచి బ్రష్షు వాడగా చూశావా? నేనూ చూడలేదు. అయినా నాకు తట్టలేదు. పదకొండు ఇళ్లలోనూ అదే జరిగింది. ఒకావిడ నేనిచ్చిన మూడింటినీ కూతురి పెళ్లికి పెట్టెలో పెట్టింది. ఇంకొకావిడ పాదిరిగారి ఇంటికి కానుక పంపింది. అందరూ మాత్రం బ్రష్షు దివ్యంగా ఉందని ప్రమాణం చేసి చెప్పారు, అబద్ధం కూడా కాదు.

బుట్టలోవి ఎందుకు వంకరపోయాయో లెక్కపెట్టాను. వాటికి పురి ఎక్కువ పడింది, పదహారు, పదిహేడు. తీగ బిగిసి ఒక పక్కకు వంగింది. అందుకే పోగును పట్టుకుని వదల్లేదు. పంది వెంట్రుక గరుకుగా ఉంటుంది, దానికి పన్నెండు పురులు చాలు. నైలాన్ నున్నగా జారుతుంది. తాతలు చెప్పిన పన్నెండును నేను కళ్లు మూసుకుని దానికీ పెట్టాను. బీరువాలోంచి మంచి బ్రష్షు తీసి గిన్నెలో మరిగించి పోగు పట్టి లాగాను. ఉడికిన చేపలోంచి ముల్లు వచ్చినట్టు వచ్చింది.

ఇది తెలిసింది ఫిబ్రవరి ఇరవైన. మర్నాడే యజమాని దగ్గరికి వెళ్లాను. కేటలాగు అయ్యేదాకా నోరు మెదపవద్దన్నాడు. తర్వాత నిదానంగా పురి పెంచుకోవచ్చట, అమ్మేసిన వాటి గురించి మాట్లాడితే ముప్పైమంది పనివాళ్ల నోట్లో మట్టి కొట్టినట్టేనట. "ఎక్కడో సీసాలు కడిగే మనిషి కోసం నీ పేరు నువ్వే చెరుపుకుంటావా?" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. ముప్పైమంది కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి కేటలాగులో నా పేరు కోసం.

ఇప్పుడు ఏం చేయమంటావు? నువ్వు చెప్పినట్టు చేస్తాను.

ఫ్రిడోలిన్


ఫ్రైబర్గ్,
ఏప్రిల్ 8

ఫ్రిడోలిన్‌కు,

నేను చెప్పినట్టు చేస్తావా? ఫిబ్రవరిలో నువ్వు చెప్పినట్టు నేను చేశాను, చూశాం కదా ఏమైందో. ఇప్పుడు నీ బరువు నా నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవాలని చూడకు.

నీకు ఆరువారాల పసివాడి గురించి రాశాను. ఆ బ్రష్షులు మా దగ్గరే ఉన్నాయనుకుంటున్నావా? ఇంకెన్ని ఆసుపత్రులకు వెళ్లాయో, ఎన్ని ఇళ్లలో తల్లులు వాటితో సీసాలు కడుగుతున్నారో నీకే తెలియాలి. యజమాని నోరు నొక్కాడని రాశావు. నీ నోరు అంత మెత్తనిదా? చిన్నప్పుడు బంతి నాదంటే నాదని నాతో మూడు రోజులు పోట్లాడినవాడివి.

నా వంతు నేను చేశాను. నిన్న సిస్టర్ ఓడీలియా ముందు నిలబడి, విచారించకుండా సంతకం పెట్టానని ఒప్పుకున్నాను. తయారుచేసినవాడి చేత కాగితం రాయించి తెమ్మంది ఆవిడ. నువ్వు రాయాల్సింది నాకు కాదు.

వాల్బుర్గా


ఎర్లెన్‌బాఖ్,
ఏప్రిల్ 16

చెల్లెమ్మా,

సిస్టర్ ఓడీలియాకు రాసిన ఉత్తరం నకలు ఇందులో పెట్టాను. లోపం బ్రష్షుదని, కడిగిన మనిషిది కాదని, ఫిబ్రవరి ఇరవై నుంచి నాకు ఆ సంగతి తెలుసునని రాశాను. తేదీ దగ్గరికి వచ్చేసరికి రెండు కాగితాలు చింపి, మూడోదానిలో రాశాను. ఈ బ్రష్షు కొన్న మరో పద్నాలుగు ఆసుపత్రులకూ అదే పంపాను. చిరునామాలు గుమాస్తా ఇవ్వనంటే, సరుకు పెట్టెల మీద అంటించే చీటీలు చూసి రాసుకున్నాను.

ఒక ఆసుపత్రి నుంచి మొదటి జవాబు వచ్చిన రోజే యజమాని నన్ను పిలిచాడు. నమూనాల గది తాళం చెవి తీసుకుని, పోగులు కత్తిరించే బల్ల దగ్గరికి పంపాడు. పదహారేళ్లప్పుడు నేను పనిలో చేరింది ఆ బల్ల దగ్గరే. పక్కన కూర్చునేవాళ్లు నాతో మాట్లాడటం లేదు. ముప్పైమందిలో ఎవరి పనీ పోలేదు, అయినా నేను పోగొట్టబోయానని వాళ్ల కోపం. కేటలాగులో ఆ పేజీ చింపేసి పంపుతున్నారు.

నాకు కోపం రావడం లేదని అనుకోకు. వస్తోంది, మొట్టమొదట నా మీదే. ఎవరో వాడే వస్తువును చేస్తూ, మనం మాత్రం చచ్చినా వాడని ఊరు ఇది. ఆ ఊళ్లో పుట్టి, ఆ బుట్ట ముందే పెరిగి, ఆ సంగతే మరిచినవాణ్ని నేను.

ఇంట్లో చేతిమరతో కొత్తవి చేస్తున్నాను. పదిహేడు పురులు. వంకరను సరిచేయడం మానేశాను, ఎందుకంటే ఆ వంకరవల్లే అది తిప్పినప్పుడు సీసా భుజాల కింద కూడా తుడుస్తోంది. వంకరబ్రష్షు ఎవడు కొంటాడని యజమాని నవ్వాడు. ఆరు పంపుతున్నాను. నా మాట నమ్మకుండా నువ్వే కడిగి చూడు. లియోనీగారిని కలిస్తే నా తరఫున క్షమాపణ చెప్పు.

ఫ్రిడోలిన్


ఫ్రైబర్గ్,
మే 6

అన్నయ్యా,

నీ వంకరబ్రష్షులతో పది రోజులు రోజుకు యాభై సీసాలు నేనే కడిగాను. పోగు రాలలేదు. పిడి తడిచేతిలో జారుతోంది, దాని సంగతి చూడు.

సిస్టర్ నీ ఉత్తరం మూడుసార్లు చదివి, లియోనీకి కొత్త పని పత్రం రాయమంది. 'అత్యంత జాగ్రత్త గలది' అని రాశాను, కింద సంతకం పెట్టాను. తిరిగి పనిలోకి రమ్మనే కాగితం కూడా ఇచ్చింది. ఆ రెండూ, నీ ఉత్తరం నకలూ పట్టుకుని ఇవాళ పూజ అయ్యాక లియోనీ దగ్గరికి వెళ్లాను. స్టేషను దగ్గర ఒక హోటలు బట్టలుతికే చోట దుప్పట్లు పిండుతోంది. ఆసుపత్రులు నాలుగు తిరిగిందట, నాలుగు చోట్లా ఆ చివరి ముక్క చదివి కాగితం వెనక్కి ఇచ్చేశారట. ఈ సంగతి నేను అడిగితే చెప్పింది, దెప్పినట్టు కాదు.

నీ ఉత్తరం ముందు చదివింది. నిలబడే చదివింది, నన్ను కూర్చోమనలేదు. "మీ అన్నయ్య ఇంత పొడుగున రాసినదంతా నేను ఆ రోజు రెండు ముక్కల్లో చెప్పాను," అంది. నేను తల వంచుకున్నాను. నీ క్షమాపణ చెప్పాను, నాది చెప్పాను. వింది.

ఆసుపత్రికి మళ్లీ రానంది. బతిమాలాను. "అక్కడ తొట్టి దగ్గర నిలబడితే ప్రతి సీసా ఎత్తినప్పుడూ మీరు వెనక నుంచి చూస్తున్నారేమో అనిపిస్తుంది, ఇక్కడ దుప్పట్లు నన్నేమీ అనవు," అంది. కొత్త పత్రం మాత్రం తీసుకుంది. పాతది ఇచ్చేయండి, చింపేస్తాను అని చెయ్యి చాపాను.

ఇవ్వలేదు. గోడవారగా ఉన్న తన పెట్టెలోంచి పాతది తీసి, కొత్తదాని పక్కన బల్ల మీద పరిచింది. "రెండింటి కిందా మీ సంతకమే ఉంది," అంది. "ఇకమీద పనికోసం ఎవరి దగ్గరికి వెళ్లినా రెండూ కలిపి చూపిస్తాను. చదివినవాళ్లు నా గురించి ఏమనుకున్నా సరే, మీ గురించి మాత్రం తెలుసుకుంటారు."

రెండు కాగితాలూ కలిపి మడిచి, మళ్లీ పెట్టెలో పెట్టుకుంది. నేను వచ్చేశాను.

నీ చెల్లెలు
వాల్బుర్గా